ఉంగుటూరు పేరిట మూడు గ్రామములు: వ్యాసప్రణాళిక, అన్వేషణసౌలభ్యము

1

ఒక విషయమును గూర్చి వ్రాయబూనినవాడు ముందుగా ప్రణాళికను సిద్ధపరచుకొని, అందలి అంశములను ఒక్కొక్కటిగా విస్తరించి వ్యాసముగా రూపొందించును. ఇది మన పాఠశాలలలో చిరకాలముగా నేర్పబడుచున్న పద్ధతియే. కాని వ్రాసిన వ్యాసము దానిని వెదకువానికి దొరకునట్లు చేయుట వేరొక పని. పూర్వము ఆ పనిని సూచీపత్రములను తయారుచేయు గ్రంథాలయాధికారియు, శీర్షికలను నిర్ణయించు సంపాదకుడును చేసెడివారు. నేటి పరిశోధకవిద్యార్థి సూచీపత్రముల పెట్టెను తెరచుటకు ముందే ఇంటర్నెట్టునందలి శోధనయంత్రమును ప్రశ్నించుచున్నాడు. ఆ యంత్రము చూపిన మొదటి పది ఫలితములలో లేని వ్యాసము అతని దృష్టిలో లేనట్లే యగుచున్నది. అందుచేత వ్యాసమును శోధనయంత్రమునకు అనుకూలముగా దిద్దుట యనునది ఒక వృత్తిగా ఏర్పడినది.

ఈ వృత్తిని గూర్చి రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇది సరకు నమ్ముకొనువారి యుక్తి యనియు, పాండిత్యమునకు దీనితో పని లేదనియు కొందరందురు. ఇది నిన్న మొన్న పుట్టిన నూతనవిద్య యనియు, పూర్వరచనలనుండి దీనికి నేర్చుకొనవలసిన దేమియు లేదనియు మరికొందరందురు. ఈ రెండును సరికావని మా తలంపు. ఒక విషయమును ఏ పేరుతో, ఏ ప్రశ్నతో వెదకుదురో ఊహించి, దానికి తగినట్లు ప్రణాళికను వ్యాసముగా మార్చు ప్రయత్నము తెలుగునాట తామ్రశాసనముల కాలమునుండియు కలదు. ఆ ప్రయత్నము ఎక్కడ ఫలించినది, ఎక్కడ విఫలమైనది తెలిసికొన్నచో నేటి గ్రామవ్యాసములలోని లోపము మనకు స్పష్టపడును. దీనిని నిరూపించుటకు ఉంగుటూరను నొక్క పేరును మాత్రమే తీసికొని పరిశీలింతుము.

2

నూజివీడు మామిడితోటలు దేశమున ప్రసిద్ధములు. ఆ సీమకు చేరువగా కృష్ణా జిల్లాలో నొక ఉంగుటూరు కలదు. తేలప్రోలు, ఆత్కూరు, ఇందుపల్లి మొదలగు గ్రామములు ఈ ఉంగుటూరు మండలములోనివే. ఏలూరు, తాడేపల్లిగూడెముల నడుమ మరియొక ఉంగుటూరు కలదు, ఇదియు మండలకేంద్రమే. పైగా దాని పేర ఒక శాసనసభా నియోజకవర్గము కూడ నున్నది. కృష్ణానదికి ఆవలివైపున అమరావతి మండలములో మూడవ ఉంగుటూరు కలదు. అనగా ఒక్క పేరున మూడు గ్రామములు, రెండు మండలములు, ఒక నియోజకవర్గము, వెరసి ఆరు శీర్షికలు ఏర్పడుచున్నవి.

'జిల్లా పేరు చేర్చినచో చిక్కు విడిపోవును గదా' యని ఎవరైన అనవచ్చును. జిల్లాల చరిత్ర తెలిసినవారు అట్లనరు. 1859లో మచిలీపట్టణము, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా నేర్పరచిరి. ఆనాటినుండి 1904 వరకు మామిడిసీమ ఉంగుటూరును, అమరావతి ఉంగుటూరును ఒకే కృష్ణా జిల్లాలో నుండినవి. ఏలూరు ప్రక్కనున్నది గోదావరి జిల్లాలో నుండెను. 1904లో గుంటూరు జిల్లా వేరుపడినది. అప్పుడే ఏలూరు మొదలగు తాలూకాలు గోదావరి జిల్లానుండి కృష్ణా జిల్లాకు మారినవి. అందుచేత 1904 నుండి 1925 వరకు కృష్ణా జిల్లాలోని రెండు ఉంగుటూరులు మామిడిసీమదియు, ఏలూరు ప్రక్కదియు నైనవి. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడిన పిమ్మటనే మూడు గ్రామములు మూడు జిల్లాలకు చెందినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినప్పుడు రెండు గ్రామములు మండలకేంద్రములైనవి.

2022 ఏప్రిల్ 4న అమలులోనికి వచ్చిన పునర్విభజనము ఈ చిక్కును మరల బిగించినది. ఏలూరు ప్రక్కనున్న ఉంగుటూరు పశ్చిమగోదావరినుండి ఏలూరు జిల్లాకు మారినది. అమరావతి మండలముతోపాటు అందలి ఉంగుటూరు పల్నాడు జిల్లాలో చేరినది. మామిడిసీమ ఉంగుటూరు కృష్ణా జిల్లాలోనే నిలిచినది. కాని దాని గుర్తుగా చెప్పదగిన నూజివీడు మాత్రము కృష్ణా జిల్లాను వీడి ఏలూరు జిల్లాలో చేరినది. కాబట్టి నూజివీడు జిల్లా ఏదో తెలిసికొని, ఆ జిల్లాలోని ఉంగుటూరును వెదకినవానికి వేరొక ఉంగుటూరు దొరకును.

ఇది కేవలము తపాలా చిరునామాకు సంబంధించిన చిక్కు కాదు. 1890 ప్రాంతపు పత్రములో 'కృష్ణా జిల్లా ఉంగుటూరు' అని యున్నచో అది అమరావతి ప్రక్కది కావచ్చును. 1910 ప్రాంతపు పత్రములో అదే మాట యున్నచో ఏలూరు ప్రక్కది కావచ్చును. ఒక గ్రామపు దేవాలయచరిత్రను మరియొక గ్రామమునకు అంటగట్టుట, ఒక గ్రామపు జనసంఖ్యతో వేరొక గ్రామపు వృద్ధిని లెక్కించుట, ఒక ఊరి కవికి వేరొక ఊరిని జన్మస్థలముగా చూపుట, ఇట్టివి సంభవించుటకు ఇంతకంటె అనువైన పరిస్థితి వేరొకటి యుండదు. గార్డన్ మెకంజీ 1883లో ప్రకటించిన కృష్ణా జిల్లా మాన్యువలును చూచువారు, అది నదికి ఉభయతీరములందలి సీమను వర్ణించు గ్రంథమని మరువరాదు. కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ ఇతనికి పూర్వుడు, వేరొకడు. పేర్ల సామ్యము గ్రామములకే కాక గ్రంథకర్తలకు కూడ కలదు.

3

పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను పరిశీలించినచో వానికొక స్థిరమైన ప్రణాళిక కనబడును. వంశప్రశస్తి, దాత, ప్రతిగ్రహీత, ఆ విషయములోని రాష్ట్రకూటప్రముఖులగు కుటుంబులకు ఆజ్ఞ, దానము చేసిన గ్రామము, దాని ఎల్లలు, శాపవాక్యములు అను నంశములు వరుసగా వచ్చును. గ్రామమును పేర్కొనునపుడు అది ఏ విషయములోనిదో చెప్పుదురు. 'విషయము' అనగా నేటి జిల్లావంటి విభాగము. అంతటితో నిలువక నాలుగు దిక్కుల ఎల్లలను పొరుగూళ్ల పేర్లతోను, చెరువులతోను, చెట్లతోను గుర్తింతురు. శాసనకర్త దృష్టిలో వెదకువాడు వందయేండ్ల తరువాతి వివాదమున తీర్పు చెప్పవలసిన అధికారి. పేరొక్కటియే అతనికి చాలదని శాసనకర్త యెరుగును. విషయము మారవచ్చును, పేరు మారవచ్చును. నాలుగెల్లలలో ఒకటి రెండైన నిలుచును. ఒక గుర్తు చెడినను మరియొకటి పనిచేయునట్లు చేసిన ఏర్పాటిది.

కాలిన్ మెకంజీ సేకరణము దీనికి వేరొక రూపము. ఆయన 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలుగా నియమితుడై 1821లో మరణించెను. దేశపరిస్థితులను తెలిసికొనుటకు వలయు ప్రశ్నాంశములను ముందుగా వ్రాసి, తన సహాయకులకు ఇచ్చి పంపు పద్ధతిని ఆయన అనుసరించెను. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు అట్టి సహాయకులలో ముఖ్యులు. ఆ ప్రశ్నావళియే ప్రణాళిక. గ్రామకరణములు చెప్పిన సమాధానములు ఆ ప్రణాళికను నింపినవి. అట్లేర్పడినవే కైఫీయతులు. తరువాత వానికి ప్రతులు వ్రాయించి రక్షించిన కీర్తి సి. పి. బ్రౌనునకు దక్కినది.

కైఫీయతు ఆరంభవాక్యమును గమనింపవలెను. గుంటూరు సీమ కైఫీయతులలో ఆ వాక్యము మౌజే యని గ్రామమును, సమతును, తాలూకాను, సర్కారును వరుసగా పేర్కొనుచు సాగును. ఊరి కథ యంతయు ఆ తరువాతనే. అనగా 'ఏ ఊరు?' అను ప్రశ్నకు సమాధానము చెప్పనిదే 'ఎట్టి ఊరు?' అను ప్రశ్నలోనికి దిగరాదని నియమము. అటుపిమ్మట పేరు వచ్చిన కారణము, ఏలిన రాజులు, దేవాలయములు, మాన్యములు, చెరువులు వచ్చును. ప్రశ్నలు అన్ని గ్రామములకును సమానమైనను సమాధానములు సమానములు కావు. ఒక కరణము పేరు పుట్టుకను గూర్చిన కథను దీర్ఘముగా చెప్పును. మరియొకడు మాన్యముల తగవును చెప్పును. ప్రణాళిక అడుగనిదానిని కూడ చెప్పు స్వాతంత్ర్యము కరణమునకు ఉండెను. కైఫీయతులు నేటికిని చదువదగినవిగా నుండుటకు ఈ స్వాతంత్ర్యమే కారణమని మా అభిప్రాయము.

4

శాసనమును, కైఫీయతును ఒక్కొక్క గ్రామమునకు చెందినవి. వేలకొలది విషయములను ఒకచోట చేర్చినపుడు వాని నెట్లు పేర్చవలెనన్న ప్రశ్న పుట్టును. దీనికి మనవారు రెండు మార్గములను త్రొక్కిరి. మొదటిది వర్గక్రమము. అమరకోశము, తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము ఈ మార్గమును అనుసరించినవి. సమానార్థకపదములు ఒకచోట నుండును. ఒక పేరు తెలిసినవానికి తక్కిన పేర్లన్నియు తెలియును. కాని ఏ పదము ఏ వర్గములో నున్నదో కంఠస్థము చేసినవానికి మాత్రమే అవి ఉపయోగపడును. రెండవది అకారాదిక్రమము. మచిలీపట్టణవాసి మామిడి వెంకయ్య ఆంధ్రదీపికయు, బ్రౌను నిఘంటువును తెలుగున ఈ మార్గమును స్థిరపరచినవి. ఇందు కంఠపాఠముతో పని లేదు; పదపు మొదటి అక్షరములు తెలిసిన చాలును. కాని ఆ పదము తెలియనివానికి తలుపు మూసియే యుండును.

విజ్ఞానసర్వస్వములలోను ఈ రెండు మార్గములే కనబడును. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపకులలో ముఖ్యుడై, తరువాత ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనెను. శీర్షికలను అకారాదిగా పేర్చి, ఒక్కొక్క శీర్షికను సమగ్రవ్యాసముగా వ్రాయించుటయు, తానే వ్రాయుటయు ఆయన పద్ధతి. ఆయన జీవితకాలములో మూడు సంపుటములు వెలువడినవి. అవి వర్ణమాల మొదటి మెట్టునే నిలిచిపోయినవి. ఆయన 1923లో దివంగతుడయ్యెను. కాశీనాథుని నాగేశ్వరరావు ఆ కార్యమును మరల తలకెత్తుకొనెను గాని 1938లో ఆయన మరణించునప్పటికి అదియు పూర్తి కాలేదు. ఉకారము దరికైన రాని ఆ సర్వస్వములో ఉంగుటూరునకు చోటు దొరకు ప్రసక్తియే లేదు. వ్యాసము ఎంత సమగ్రమైనను, వెదకువాని అక్షరము వచ్చువరకు అతనికది లేనట్లే. అకారాదిక్రమమున ముద్రించు మహాగ్రంథమునకు ఇది తప్పని విధి.

1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి ఈ అనుభవమును గుర్తించినట్లు తన విజ్ఞానసర్వస్వమును విషయానుసారముగా సంపుటములు చేసినది. ఒక సంపుటము వెలువడినచో ఒక శాస్త్రమైన పూర్తియగును. హైదరాబాదున ఖండవల్లి లక్ష్మీరంజనము ప్రధానసంపాదకత్వమున వెలువడిన సంగ్రహాంధ్రవిజ్ఞానకోశము మరల అకారాదిక్రమమునే గ్రహించి, వ్యాసములను సంగ్రహించుటచేత వర్ణమాల చివరివరకు నడచినది. సమగ్రత కావలెనా, సులభముగా దొరకుట కావలెనా అను ప్రశ్నకు ఈ మూడును మూడు సమాధానములు. ముద్రితగ్రంథమున పుటల సంఖ్యకు మితి యున్నంతకాలము రెండింటిని ఒకచోట పొందుట సాధ్యము కాలేదు.

5

ఆ మితిని తొలగించినది కంప్యూటరు. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణములో తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను చాలకాలము తెలుగు పత్రికల పుటలు ఒక్కొక్కటి తమ సొంత అక్షరసంకేతములతో ఇంటర్నెట్టున వెలువడినందున, కంటికి తెలుగుగా కనబడినను యంత్రమునకు అవి అర్థము లేని గుర్తులుగా నుండెను. అట్టి పుటలలోని వార్త కంప్యూటరు తెరపై నున్నను వెదకువానికి దొరకలేదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా యూనికోడులో వ్రాయబడుటచేత, తెలుగు వ్యాసములు తెలుగు మాటలతోనే దొరకుట అలవాటైనది.

శోధనయంత్రము పనిచేయు తీరు మన గ్రంథములకు చివర చేర్చు పదసూచిక వంటిదే. లోకమునందలి పుటలను చదివి, ఏ మాట ఏ పుటలో నున్నదో అది ముందే పట్టిక వేసికొనును. వెదకువాడు మాటను చెప్పగానే పట్టికను చూచి పుటలను తెచ్చును. అవి లక్షలుగా నున్నపుడు ఏది ముందుంచవలెనన్నది రెండవ ప్రశ్న. 1998లో ఆరంభమైన గూగుల్ సంస్థ, ఇతరపుటలు దేనిని ఎక్కువగా ఉదాహరించుచున్నవో దానికి పెద్దపీట వేయు పద్ధతితో ప్రసిద్ధి చెందెను. ప్రామాణికగ్రంథమును పలువురు ఉదాహరింతురన్న పండితన్యాయమే దీనికి మూలము.

యంత్రమునకు నియమమున్నపుడు దానిని వంచించు యుక్తియు పుట్టును. ఒకే మాటను వ్యాసములో పదే పదే చొప్పించుట, చదువరికి కనబడకుండ పుట వెనుక కీలకపదముల పట్టికను దాచుట మొదలగునవి వ్యాపించినవి. 2009 సెప్టెంబరులో గూగుల్ సంస్థ అట్టి దాచిన పట్టికను శ్రేణీనిర్ణయమునకు తాము లెక్కింపమని ప్రకటించెను. 2011 ఫిబ్రవరిలో సారము లేని పుటలను వెనుకకు నెట్టు మార్పును తెచ్చెను. 2022 ఆగస్టులో, యంత్రమునకై గాక మనుష్యులకై వ్రాసిన వ్యాసములకు ప్రాధాన్యమిచ్చు మార్పును ప్రకటించెను. 2024 మార్చిలో, పైస్థానము కొరకే మూకుమ్మడిగా తయారైన వ్యాసములు, మనుష్యులు వ్రాసినను యంత్రములు వ్రాసినను, దుర్వినియోగమే యని నియమము చేసెను. ఈ నాలుగు మెట్లను వరుసగా చూచినచో ఒక సంగతి తేటపడును. మాటను పునరుక్తి చేయుటతో ఆరంభమైన ఈ వృత్తి, పునరుక్తిని దోషముగా నెంచు అలంకారశాస్త్రపు తీర్పునకే క్రమముగా చేరుకొన్నది.

6

తెలుగు వ్యాసమునకు వీనికి తోడు స్వభాషాసంబంధమైన చిక్కులు కలవు. తెలుగుశాఖలలోని మేము ప్రత్యేకముగా పట్టించుకొనవలసినవి ఇవి.

మొదటిది ఔపవిభక్తికము. 'ఉంగుటూరు' అను ప్రథమారూపము విభక్తి చేరునపుడు 'ఉంగుటూరి' యగును. 'ఉంగుటూరి చెరువు', 'ఉంగుటూరికి దారి' యని వ్యాసమంతయు వ్రాసినచో ప్రథమారూపము ఒక్కమారైన రాకపోవచ్చును. పైగా 'ఉంగుటూరి' యనునది ఇంటిపేరు కూడ నగుటచే, ఆ రూపముతో వెదకినవానికి ఊరికి మారుగా వ్యక్తులు దొరకుదురు. రెండవది సంధి. ఉకారసంధి మనకు నిత్యము. 'ఉంగుటూరు' అను పదమునకు 'అను' చేరగా 'ఉంగుటూరను' అయినపుడు చివరి ఉకారము లోపించును. అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు అది వేరొక మాట. ప్రౌఢముగా సంధిబద్ధమైన గ్రాంథికవాక్యము వెదకువానికి అడ్డుతెర యగుచున్నదన్నమాట. నేటి యంత్రములు రూపభేదములను కొంతవరకు గుర్తింపగలిగినను, పేరును శీర్షికలోను మొదటి వాక్యములోను విడిగా, ప్రథమావిభక్తిలో నిలుపుటయే నమ్మదగిన మార్గము. మూడవది వర్ణక్రమము. యూనికోడు సంఖ్యలలో సున్న అచ్చులకంటె ముందున్నది. ఆ సంఖ్యల ననుసరించి పేర్చినచో 'ఉంగుటూరు' ఉకారాదిపదములలో మొదటివరుసన వచ్చును. సున్నకు వర్గానునాసికస్థానము నిచ్చు పద్ధతిలో వేరొకచోట వచ్చును. నాలుగవది రోమను లిపి. ఈ ఊరి పేరును కొందరు 'యు' అక్షరముతోను, కొందరు 'వి' అక్షరముతోను ఆరంభింతురు. చివరి ఉకారమును కొందరు వ్రాయుదురు, కొందరు విడుతురు. నాలుగు రూపములును వాడుకలో నున్నవి గనుక నాలుగింటిని ఒక వ్యాసమునకే చేర్పవలెను.

తెలుగు వికీపీడియా ఈ చిక్కులకు కొన్ని సాధనములను ఏర్పరచినది. ఒక పేరు గల పలు విషయములను వేరుచేసి చూపు పుటకు 'అయోమయ నివృత్తి' యని పేరు పెట్టిరి. రూపాంతరముతో వెదకినవానిని అసలు శీర్షికకు చేర్చుటను 'దారిమార్పు' అనిరి. పూర్వపు విజ్ఞానకోశములలో 'చూడుడు' అను మాట చేసిన పని యిదియే. వ్యాసములను జాతులుగా కూర్చుటకు 'వర్గము' అను మాటనే గ్రహించిరి. అమరసింహుని వర్గమును, వెంకయ్య అకారాదియు ఇక్కడ ఒకదానికొకటి విరోధము లేక కలసియున్నవి. ముద్రితగ్రంథములు ఏదో ఒకదానిని ఎన్నుకొనవలసివచ్చిన రెండు మార్గములును ఇందు ఏకకాలమున తెరచియున్నవి. ఇది సామాన్యమైన లాభము కాదు.

7

ఇక లోపమును చెప్పవలెను. 2011 జనగణనలోని గ్రామసమాచారమును ఆధారముగా గొని తెలుగు వికీపీడియాలో వేలకొలది గ్రామవ్యాసములు విస్తరింపబడినవి. వాని ప్రణాళిక ఒక్కటియే: జనసంఖ్య, విద్యాసౌకర్యములు, వైద్యసౌకర్యము, త్రాగునీరు, పారిశుధ్యము, రవాణా, విద్యుత్తు, భూమి వినియోగము, నీటిపారుదల. ఇట్టి వ్యాసము లేని గ్రామముకంటె ఉన్న గ్రామము అదృష్టవంతమైనదే. ఊరి పేరుతో వెదకినవానికి ఊరు దొరకుచున్నది. కాని దొరకిన పిమ్మట అతడు తెలిసికొనున దేమి? భూమి వినియోగపు పట్టికలో తోటల విస్తీర్ణమునకు ఒక గడి కలదు. ఆ తోటలోని చెట్టు చిన్నరసమా, పెద్దరసమా, బంగినపల్లియా యని చెప్పుటకు గడి లేదు. నీటికి గడి యున్నది. ఆ నీరు ఎవరి కాలమున త్రవ్విన చెరువునుండి వచ్చినదో చెప్పుటకు గడి లేదు. కైఫీయతు ప్రణాళికకును దీనికిని భేద మిక్కడ నున్నది. అందు కరణము ప్రశ్నకు మించి చెప్పగలిగెను. ఇందు అంకె గడిని దాటి రాలేదు. వేల గ్రామములు ఒకే వాక్యములతో, అంకెలు మాత్రము మారుచు, వరుసగా నిలిచినపుడు అవి దొరకియు తెలియబడని గ్రామములగుచున్నవి.

ప్రణాళికను వ్యాసముగా మార్చుటలో మేలైన మార్గమేదో ఉంగుటూరును బట్టియే చూపుదుము. శీర్షికలో పేరును, దాని ప్రక్కన వేరుచేయు గుర్తును ఉంచవలెను. మొదటి వాక్యము కైఫీయతు ఆరంభమువలె నుండవలెను: 'ఉంగుటూరు, 2022 పునర్విభజన ననుసరించి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున కృష్ణా జిల్లాకు చెందిన మండలకేంద్రము.' ఇందు సంవత్సరమును చెప్పుట అలంకారము కాదు. జిల్లాలు మారుచుండును, సంవత్సరము లేని జిల్లా పేరు కొంతకాలమునకు అబద్ధమగును. రెండవ వాక్యము తక్కిన రెండు ఉంగుటూరులను పేర్కొని వానికి దారి చూపవలెను. ఆ పిమ్మట 1859, 1904, 1925, 1985, 2022 సంవత్సరముల మార్పులను చిన్నపట్టికగా నిచ్చినచో, పాతపత్రమును చేతబట్టుకొని వచ్చిన పరిశోధకునకు తన గ్రామమేదో తేలును. పొరుగు గ్రామముల పేర్లను చేర్చుట తామ్రశాసనపు ఎల్లలను చేర్చుటయే. జిల్లా తప్పినను తేలప్రోలు పేరు అతనిని సరియైన ఊరికి చేర్చును.

అంతర్భాగములకు పెట్టు ఉపశీర్షికలు వెదకువాని ప్రశ్నలకు సరిపోవలెను. 'ఆర్థికపరిస్థితులు' అను ఉపశీర్షికను వెదకువాడు అరుదు. 'మామిడితోటలు' అని వెదకువారు పలువురు. అక్కడ పర్యాయపదములు అవసరము. బంగినపల్లి, బనగానపల్లె, బేనిషాన్ అను మూడు పేర్లును ఒక మామిడివే. దానికి 2017లో భౌగోళికసూచిక లభించినపుడు నమోదైనది బనగానపల్లె పేరు. తోతాపురిని మన రైతులు కలెక్టరు కాయ యందురు. ఈ పేర్లను ఒకమారు సహజముగా వాక్యములో చెప్పినచో వర్తకుని మాటతో వెదకినవానికిని, రైతు మాటతో వెదకినవానికిని వ్యాసము దొరకును. పదిమారులు చెప్పినచో ఎవరికిని రుచింపదు; యంత్రమునకును ఇప్పుడది ఇష్టము కాదు. ఒకే అర్థమునకు పలుపేర్లను ఒకచోట కూర్చు ఈ నేర్పు నిఘంటుకారులనుండి మనకు సంక్రమించినదే.

చివరగా, ప్రణాళికలో లేని అంశమునకు ఒక చోటు వదలవలెను. ఊరివారు చెప్పగలిగినదియు, జనగణన అడుగనిదియు నైన సమాచారమునకై ఆ చోటు. తోట నెప్పుడు నాటిరి, ఏ చెట్టు అంటు ఎక్కడనుండి తెచ్చిరి, చెరువుకట్టపై శిల యేమి చెప్పుచున్నది, ఊరి పేరును గూర్చి వృద్ధులు చెప్పు కథ యేది, ఇట్టివి చేరినప్పుడే మూడు ఉంగుటూరులు మూడు వేర్వేరు గ్రామములుగా నిలుచును. వేరెక్కడను లేని సమాచారమున్న పుటనే పలువురు ఉదాహరింతురు. పలువురు ఉదాహరించిన పుటయే ముందు వచ్చును. కాబట్టి క్షేత్రపరిశోధనము అన్వేషణసౌలభ్యమునకు అడ్డు కాదు. దానికి దృఢమైన ఆధారమది.

8

పైన చెప్పినదానిని సంగ్రహింతుము. ప్రణాళికను వెదకువానికి దొరకు వ్యాసముగా మార్చుటలో మూడు ధర్మములు కలవు: పేరును వేరుచేసి గుర్తించుట, వెదకువాని మాటతో చెప్పుట, దొరకినవానికి తగినంత పదార్థము నిచ్చుట. తామ్రశాసనము మొదటి ధర్మమును నిర్వహించినది. నిఘంటువులు రెండవదానిని నిర్వహించినవి. కైఫీయతులును, లక్ష్మణరావు విజ్ఞానసర్వస్వమును మూడవదానిని నిర్వహించినవి. కాని సర్వస్వము వెదకువాని అక్షరమును చేరలేకపోయినది. నేటి గ్రామవ్యాసములు అందరి అక్షరములను చేరినవి. మూడవ ధర్మము మాత్రము వానియందు కొరవడినది.

ఆ కొరతను తీర్చుట వర్తకుల పని కాదు, యంత్రముల పని కాదు, తెలుగుశాఖల పని. మన పరిశోధకవిద్యార్థులు ఒక్కొక్కరు తమ గ్రామమును తీసికొని, పైన చెప్పిన క్రమమున ఒక్క వ్యాసమును సరిచేసినను కొలదికాలములో అది పెద్దపని యగును. అట్లు వ్రాయుటకు శాసనము చదువగల కన్నును, కైఫీయతు భాష తెలిసిన చెవియు, ఔపవిభక్తికమును గుర్తెరిగిన వ్యాకరణజ్ఞానమును కావలెను. ఇవి మన శాఖలలో బోధింపబడుచున్నవే. జిల్లాల ఎల్లలు ఇక ముందును మారవచ్చును. మారినప్పుడెల్ల ఏ ఉంగుటూరు ఏదో తేల్చుకొనుటకు ఆధారముగా నిలుచు వ్యాసమును ఇప్పుడే వ్రాసియుంచుట మన విధి.